మొహావీ బాట: కొలరాడో నది నుంచి ఆఫ్టన్ కాన్యన్ దాకా ఒక వారాంతం

బయలుదేరే ముందు

దక్షిణ కాలిఫోర్నియాలో ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొనుక్కున్న తెలుగువారిలో చాలామంది శీతాకాలంలో బిగ్ బేర్ కొండ ఎక్కేటప్పుడు తప్ప ఆ సదుపాయాన్ని వాడరు. తారు రోడ్డు దిగాక ఏమేమి కావాలో, ఎంత కావాలో, ఎక్కడి నుంచి వెనక్కి తిరగవచ్చో వివరంగా చెప్పేవారు దొరకకపోవడమే అందుకు కారణమని నా అభిప్రాయం. ఈ వసంతంలో మేము మూడు బండ్లలో మొహావీ బాట మీద శుక్రవారం ఉదయం నుంచి ఆదివారం సాయంత్రం దాకా చేసిన ప్రయాణాన్ని, దానికి ముందు వేసుకున్న లెక్కలతో సహా ఇక్కడ రాస్తున్నాను.

నెవాడా రాష్ట్రం దక్షిణ కొసన కొలరాడో నది ఒడ్డున మొదలై, మొహావీ నేషనల్ ప్రిజర్వ్ అనే రక్షిత ఎడారి ప్రాంతాన్ని తూర్పు నుంచి పడమరకు దాటి, బార్‌స్టో పట్టణానికి ఇవతల మొహావీ నది పక్కన ముగిసే ఈ మట్టి బాట పొడవు సుమారు 138 మైళ్ళు, అంటే 220 కిలోమీటర్ల పైచిలుకు. పటంలో చూస్తే అది తిన్నగా సాగక, ఒక ఊట నుంచి మరో ఊటకు మలుపులు తీసుకుంటూ పోతుంది. నది ఒడ్డున నివసించిన మొహావీ ప్రజలు పసిఫిక్ తీరం నుంచి గవ్వలు తెచ్చుకోవడానికి కాలినడకన తిరిగిన దారి ఇది. 1776లో స్పానిష్ మతగురువు ఫ్రాన్సిస్కో గార్సెస్‌ను ఈ దారిన తీసుకువెళ్ళింది వారే. 1826లో బొచ్చు వ్యాపారి జెడిడయా స్మిత్ కూడా ఇటుగానే కాలిఫోర్నియా చేరాడు. 1859లో నది ఆవలి గట్టున ఫోర్ట్ మొహావీ వెలిసిన తరువాత సైన్యం బండ్లు, టపా బండ్లు ఇదే దారిన నడిచాయి. 1883లో నీడిల్స్ మీదుగా రైలు రావడంతో బాట పాడుబడింది. దాదాపు వందేళ్ళ తరువాత, 1980ల మొదట్లో, డెన్నిస్ కేస్‌బీర్ అనే చరిత్రకారుడు స్నేహితులను కూడగట్టి దీన్ని వెతికి, కొలిచి, రాళ్ళ గుట్టలతో గుర్తులు పెట్టించాడు. 1994లో ఈ ప్రాంతం నేషనల్ ప్రిజర్వ్ అయింది.

ఆ పాతకాలపు ప్రయాణికులకు ప్రణాళిక అంటే ఒక నీటి నుంచి మరో నీటికి ఉన్న దూరమే. మాకు నీరు డబ్బాలలో వస్తుంది కాబట్టి, మేము ఆ లెక్కను బయటపడే దారులకు వేసుకున్నాము. బాటను నాలుగు రోడ్లు అడ్డంగా కోస్తాయి: నది దగ్గరలో యూఎస్ 95 హైవే, లాన్‌ఫెయిర్ లోయలో ఒక మట్టి రోడ్డు, ఆపైన కెల్సో-సీమా రోడ్డు, చివరికి కెల్‌బేకర్ రోడ్డు. సోడా లేక్ దాటాక రేజర్ రోడ్డు, బేసిన్ రోడ్డు ఐ-15 హైవేకు కలుపుతాయి. ఒక కాగితం మీద ఈ పేర్లన్నీ వరుసగా రాసి, ప్రతి పేరుకూ ఎదురుగా ఏ వేళకు అక్కడికి చేరాలి, ట్యాంకులో ఎంత పెట్రోలు మిగిలి ఉండాలి, అక్కడి నుంచి దగ్గరలోని పెట్రోలు బంకు ఎటువైపు అన్నవి మూడు గళ్ళలో నింపాము. అనుకున్న వేళ దాటిపోయినా, పెట్రోలు తగ్గినా ఆ కూడలిలో బాట వదలాలని ముందే ఒప్పుకున్నాము. ఈ కాగితానికి నకళ్ళు తీసి, ఒక్కో బండి సన్‌వైజర్‌కు ఒక్కోటి గుచ్చి పెట్టాము. ఫోన్లలో పటాలు దింపుకున్నా, ఎండకు వేడెక్కిన ఫోను తనంతట తాను ఆగిపోయే చోటు ఇది.

తేదీ ఎంపిక కూడా లెక్క ప్రకారమే జరిగింది. వేసవిలో ఈ నేల మీద బండి చెడితే ప్రాణాపాయం. డిసెంబరు, జనవరిలో ఎత్తు ప్రదేశాల్లో మంచు, పైగా సాయంత్రం అయిదు కాకముందే చీకటి. అందుకని ఏప్రిల్ అనుకున్నాము. ఉగాది తరువాతి వారాంతమైతే ఆకాశంలో నాలుగైదు రోజుల నెలవంక మాత్రమే ఉండి తొందరగా అస్తమిస్తుంది, ఆపైన చుక్కలు బాగా కనిపిస్తాయి. పంచాంగం చూసి ఈ మాట చెప్పింది మా అక్కయ్య.

బండ్లు మూడు: నాదీ మా ఆవిడదీ టకోమా, ఫీనిక్స్ నుంచి వచ్చిన అక్కయ్య, బావగార్ల ఫోర్‌రన్నర్, శాన్ డియాగోలో ఉండే మిత్రుడు, అతని హైస్కూల్ కొడుకు వచ్చిన రాంగ్లర్. మరో కుటుంబం అద్దె బండిలో వస్తామన్నారు గానీ, వద్దని చెప్పవలసి వచ్చింది. అద్దె ఒప్పందాల్లో చాలావాటిలో తారు రోడ్డు దిగకూడదన్న షరతు ఉంటుంది, దిగాక ఏమి జరిగినా బీమా అక్కరకు రాదు. ఒంటరి బండితో కూడా ఈ బాట మీదకు రాకపోవడమే మంచిది. ఇసుకలో దిగబడిన బండిని లాగడానికి రెండో బండిని మించిన పరికరం లేదు.

నీరు మనిషికి రోజుకు ఒక గ్యాలన్, అంటే 3.8 లీటర్లు, తాగడానికే కావాలంటారు. వంటకు, చేతులు కడుక్కోవడానికి కలిపి మేము గ్యాలనున్నర లెక్క కట్టాము. ఆరుగురికి, మూడు రోజులకు 27 గ్యాలన్లు. ఆ బరువు వంద కిలోలు దాటుతుంది. అంత నీటిని ఒకే పెద్ద ట్యాంకులో పోస్తే సులువుగానే ఉంటుంది, కానీ ఆ ట్యాంకు చిల్లుపడినా, ఆ బండి వెనకబడినా అందరికీ దాహమే. అందుకని చిన్న డబ్బాల్లో పోసి మూడు బండ్లకూ పంచి, వెనక ఇరుసుకు ముందుగా, అడుగున సర్దాము. బరువు పైకప్పు మీదకు ఎక్కే కొద్దీ పక్కవాటు దారుల్లో బండి తూలుతుంది.

పెట్రోలు విషయంలో బండి మీటరు చెప్పే మైలేజీని నమ్మకూడదు. మెత్తని ఇసుకలో, తక్కువ గేరులో ఖర్చు హైవే మీదకన్నా బాగా పెరుగుతుంది. మేము సగం పైగా ఎక్కువ అవుతుందనుకుని లెక్క వేశాము. ప్రిజర్వ్ లోపల బంకు ఒక్కటి కూడా లేదు. నా బండి ట్యాంకు 21 గ్యాలన్లది కావడంతో ఇబ్బంది లేదు గానీ, రాంగ్లర్‌కు 5 గ్యాలన్ల క్యాన్ ఒకటి అదనంగా తీసుకున్నాము.

మిగిలిన సామానులో ముఖ్యమైనవి టైర్ల గాలి కొలిచే గేజి, గాలి నింపే కంప్రెసర్, పార, ఇసుకలో చక్రం కింద పెట్టే పలకలు, సాగే గుణమున్న లాగుడు తాడు. ఈ తాడును బండి వెనక ట్రైలర్ తగిలించే గుండుకు ఎన్నడూ వేయకూడదు. ఆ గుండు విరిగి ఎగిరితే ఫిరంగి గుండుతో సమానం, మనుషులు పోయిన సందర్భాలున్నాయి. చాసిస్‌కు బిగించిన కొక్కేలకే వేయాలి. బండ్ల మధ్య మాట్లాడుకోవడానికి జీఎంఆర్ఎస్ రేడియోలు తెచ్చుకున్నాము. వాటి లైసెన్సుకు పరీక్ష లేదు, 35 డాలర్లు కడితే పదేళ్ళపాటు కుటుంబమంతటికీ చెల్లుతుంది. ఫోన్ సిగ్నల్ దాదాపు ఎక్కడా ఉండదు కాబట్టి ఉపగ్రహం ద్వారా సందేశం పంపే చిన్న గార్మిన్ పరికరం కూడా ఒకటి ఉంది. రోజుకు రెండుసార్లు ఇంటి దగ్గర ఉన్నవారికి మా స్థానం పంపుతామని, ఆదివారం రాత్రి దాకా కబురు లేకపోతే ఎవరికి ఫోన్ చేయాలో కూడా రాసి ఇచ్చాము.

ప్రయాణానికి ముందు వారంలో ప్రిజర్వ్ వారి రోడ్ల సమాచారం రోజూ చూడాలి. 2023 ఆగస్టులో హిల్లరీ తుఫాను వానలకు ఇక్కడి రోడ్లు ఎన్నో కొట్టుకుపోయాయి. ఎడారిలో రోడ్డును చెడగొట్టేది ఇసుకకన్నా నీరే.

శుక్రవారం

గురువారం రాత్రి నీడిల్స్‌లో బస చేసి, ఉదయం ఏడింటికల్లా ట్యాంకులు నింపుకుని నది ఒడ్డుకు చేరాము. ఇక్కడ ఎత్తు 500 అడుగులు; సాయంత్రానికి 5,000 అడుగుల దరిదాపులకు ఎక్కాలి. తారు రోడ్డు వదిలిన చోట బండ్లు ఆపి టైర్లలో గాలి దించాము. మామూలుగా 35 పీఎస్ఐ ఉండేదాన్ని 20కి తెచ్చాము. గాలి తగ్గినప్పుడు టైరు నేల మీద పొడవుగా పరుచుకుని, ఇసుకలో దిగబడకుండా తేలుతుంది. రాళ్ళ మీద కుదుపూ తగ్గుతుంది. కుర్రవాడు గేజి పట్టుకుని ఒక్కొక్క టైరునూ రెండుసార్లు కొలిచాడు. గాలి తగ్గించిన టైర్లతో వేగంగా వెళితే అంచులు వేడెక్కి చీలుతాయి కనుక గంటకు 25 మైళ్ళు దాటకూడదని రేడియోలో చెప్పుకున్నాము.

కేస్‌బీర్ బృందం పెట్టిన రాళ్ళ గుట్టల గురించి ఒక సంగతి తెలిసి ఉండాలి. తూర్పు నుంచి పడమరకు వెళ్ళేవారికి అవి కుడివైపున వస్తాయి. దారులు చీలిన చోట కుడిపక్కన గుట్ట కనిపిస్తే సరైన దారిలో ఉన్నట్టే. యూఎస్ 95 దాటాక పైయూట్ లోయలో క్రియోసోట్ పొదల మధ్య ఇలాంటి చీలికలు చాలా వచ్చాయి, విద్యుత్ లైన్ల వెంట వేసిన రోడ్లు కూడా కలుస్తుంటాయి. జీపీఎస్ గీత ఒకటి చెబుతున్నా, గుట్ట కనబడిన తరువాతే మలుపు తిరిగేవాళ్ళం.

మధ్యాహ్నానికి ఫోర్ట్ పైయూట్ శిథిలాల దగ్గరికి చేరాము. 1867లో టపా బండ్ల రక్షణకని సైనికులు కట్టిన రాతి గోడలివి. ఇప్పుడు నడుము ఎత్తు కూడా మిగలలేదు. దాని పక్కనే ఏడాది పొడవునా పారే చిన్న వాగు ఉంది. ఎటు చూసినా బూడిదరంగు కొండలున్న చోట, ఒక సన్నని గీతలా విల్లో చెట్లు, కాటన్‌వుడ్ చెట్లు పచ్చగా నిలబడి ఉంటాయి. నది వదిలాక మొదటి మంచినీరు ఇదే కాబట్టి సైన్యం ఇక్కడే స్థావరం వేసింది. అక్కయ్య తెచ్చిన పులిహోర, దద్దోజనం ఇక్కడ తిన్నాము. ఎడారి ప్రయాణానికి పులిహోరను మించిన తిండి లేదన్న ఆమె వాదనతో నేను ఏకీభవిస్తాను: ఐస్‌పెట్టె అక్కరలేదు, గిన్నెలు కడగనక్కరలేదు, రెండో రోజుకు రుచి పెరుగుతుంది. దద్దోజనాన్ని మాత్రం మొదటి పూటకే పరిమితం చేయాలి.

పాత బండ్ల దారి ఇక్కడి నుంచి నేరుగా పైయూట్ కొండ ఎక్కేది. ఆనాటి ప్రయాణికులు అత్యంత కష్టమైన ఎక్కుడుగా దీన్నే చెప్పుకున్నారు. ఇనుప కమ్మీల చక్రాలు రాతిని అరగదీసిన గాడులు నేటికీ ఉన్నాయి. మోటారు బండ్లు అటు వెళ్ళకూడదు. కొంత వెనక్కి వచ్చి, చుట్టుదారిన కొండవరుస దాటి లాన్‌ఫెయిర్ లోయలోకి దిగాలి.

లోయలో జాషువా చెట్లు మొదలవుతాయి. 1910 ప్రాంతంలో వరుసగా కొన్నేళ్ళు వానలు బాగా పడటంతో ఇక్కడ వర్షాధార సేద్యం చేయవచ్చని నమ్మి ఎన్నో కుటుంబాలు ప్రభుత్వం ఇచ్చిన భూములు తీసుకుని వచ్చాయి. వారిలో నల్లజాతి రైతులు కూడా ఉండేవారు, డన్‌బార్ అనే పేరుతో ఒక చిన్న నివాసం కూడా ఏర్పరచుకున్నారు. ఆ తరువాత వానలు ముఖం చాటేశాయి, జనం వెళ్ళిపోయారు. అనంతపురం జిల్లాలో పుట్టిన మా బావగారికి ఈ కథలో వివరించవలసినది ఏమీ కనబడలేదు. "బోరు పడనప్పుడు ఇంకేం చేస్తారండీ, వలసే," అని ఊరుకున్నారు.

మూడున్నర ప్రాంతంలో దారి పక్కన కాసేపు ఆగి, టీ తాగి, బయలుదేరే ముందు అలవాటు ప్రకారం బండ్ల కింద వంగి చూస్తే ఫోర్‌రన్నర్ వెనక చక్రం ముందు ఎడారి తాబేలు ఒకటి నీడ పట్టున కూర్చుని ఉంది. రెండు చేతులు కలిపి పట్టేంత పరిమాణం, మట్టి అంటిన గోధుమరంగు డిప్ప, దాని మీద ఒక్కో పలకలో చెట్టు కాండంలోలాగా వలయాలు. 1990 నుంచి ఇవి చట్టరీత్యా రక్షణలో ఉన్న జీవులు, తాకకూడదు. తాకవద్దనడానికి మరో కారణం కూడా ఉంది: భయపడితే అది మూత్రాశయంలో నిలవచేసుకున్న నీటిని వదిలేస్తుంది, ఆ నీరే దానికి నెలల తరబడి ఆధారం. కనుక ఇంజను స్టార్టు చేయకుండా, దూరంగా నిలబడి, అది తనంతట తాను కదిలేదాకా అరగంటకు పైగా వేచి ఉన్నాము. మిత్రుడు కొడుకును పొద దాకా వెళ్ళనిచ్చి, "అక్కడే ఆగరా, ఇంకొక్క అడుగు వేయకు," అని హెచ్చరిస్తూనే ఉన్నాడు. కాగితం మీద ప్రతి పూటకూ ఒక గంట ఖాళీగా వదిలిపెట్టడం ఇలాంటి అవసరాలకే.

పెన్నీ క్యాన్ చెట్టు దగ్గర ఆనవాయితీ ప్రకారం ఒక్కొక్కరం ఒక్కో సెంటు వేశాము. జాషువా కొమ్మకు వేలాడే డబ్బా అది, దారినపోయేవారు నాణెం వేసి వెళతారు. లోయలో ప్రైవేటు భూములు చాలా ఉన్నందున అక్కడ గుడారం వేయకుండా, పొద్దుగుంకే ముందే పడమటి అంచున, ఇదివరకే మనుషులు బస చేసిన ఖాళీ జాగాలో ఆగాము. కొత్త చోటు చదును చేయకూడదన్నది ఇక్కడి నియమం. మంట వేసుకోవాలంటే ఇనుప తట్టలోనే వేయాలి, కట్టెలు ఇంటి నుంచే తెచ్చుకోవాలి, ఎండిన జాషువా కొమ్మలను కూడా తీయకూడదు, బూడిదను మోసుకుపోవాలి. రాత్రి చలి అయిదు డిగ్రీలకు దిగింది. నెలవంక అస్తమించాక ఆకాశం గురించి అక్కయ్య చెప్పింది నిజమైంది.

శనివారం

ఉప్మా, కాఫీ ముగించుకుని ఎనిమిదింటికి రాక్ స్ప్రింగ్ చేరాము. గ్రానైట్ బండల సందున చిన్న మడుగు. ఈ మడుగును కాపలా కాయడానికే 1866 ప్రాంతంలో సైన్యం ఇక్కడ ఒక దళాన్ని ఉంచింది. దగ్గరలోనే బర్ట్ స్మిత్ కట్టుకున్న రాతి ఇల్లు ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయువుకు ఊపిరితిత్తులు దెబ్బతిన్న ఆ సైనికుడు పొడిగాలి కోసం ఎడారికి వచ్చి, 1929లో ఈ ఇల్లు కట్టుకుని, 1954 దాకా ఇక్కడే ఉన్నాడు. గుమ్మం ముందు నిలబడితే లాన్‌ఫెయిర్ లోయ అంతా కనబడుతుంది. మనిషి జాగా ఎంచుకోవడంలో దిట్ట అనిపించింది.

గవర్నమెంట్ హోల్స్ దగ్గర గాలిమర, నీటితొట్టి, పశువుల దొడ్డి మిగిలి ఉన్నాయి. పశువుల కంపెనీకి, భూములు తీసుకున్న రైతులకు మధ్య నీటి కోసం, మేత కోసం నడిచిన పగ 1925 నవంబరులో ఇక్కడే ఒక గదిలో తుపాకుల దాకా వచ్చింది. మ్యాట్ బర్ట్స్, బిల్ రాబిన్సన్ అనే ఇద్దరు ఒకరినొకరు కాల్చుకుని చనిపోయారు. ఇటువంటి కథలు బోర్డు మీద చదివినప్పుడు సినిమాలా ఉంటాయి గానీ, ఆ తొట్టి ఎంత చిన్నదో చూస్తే మనసు కలుక్కుమంటుంది.

సీడర్ కాన్యన్ మీదుగా దిగి కెల్సో-సీమా రోడ్డు చేరేసరికి పదకొండు కావస్తోంది. కాగితంలో రాసుకున్న వేళకు అరగంట ముందున్నాము. పెట్రోలు కూడా అనుకున్నదానికన్నా ఎక్కువే మిగిలింది. రైలు పట్టాలు దాటి, మళ్ళీ మట్టిలో పడ్డాము.

ఇక్కడి నుంచి ఉత్తరాన సీమా డోమ్ కనిపిస్తుంది. బోర్లించిన పళ్ళెం అంచు మాదిరిగా మెల్లగా ఎత్తు పెరిగే ఈ గ్రానైట్ నేల మీద ఒకప్పుడు దట్టమైన జాషువా అడవి ఉండేది. 2020 ఆగస్టులో పిడుగు పడి రేగిన మంటలో 43,273 ఎకరాలు కాలిపోయాయి, సుమారు 13 లక్షల జాషువా చెట్లు చచ్చిపోయాయని అంచనా. మళ్ళీ మొక్కలు నాటడానికి స్వచ్ఛంద కార్యకర్తలు వచ్చినప్పుడు, బండ్లు పోలేని చోట్లకు నీటిని ఒంటెల మీద మోయించారు. ఇక్కడికి ఒంటెలు రావడం అదే మొదలు కాదు. 1857లో ఎడ్వర్డ్ బీల్ అమెరికా సైన్యపు ఒంటెలతో బండ్ల రోడ్డు సర్వే చేస్తూ కొలరాడో నది దాకా వచ్చాడు. వాటిలో కొన్ని నది ఈది కాలిఫోర్నియాలో అడుగుపెట్టాయి. సైన్యం ఆ ప్రయోగాన్ని కొనసాగించలేదు.

మార్ల్ స్ప్రింగ్స్ పరిసరాల్లో జెండా కర్ర కింద ఒక తపాలా పెట్టె ఉంటుంది. ఉత్తరాలు వేయడానికి కాదు, దారిన వెళ్ళేవారు పేరు, తేదీ, బండి వివరం పుస్తకంలో రాయడానికి. పాత పేజీలు తిరగేస్తే రెండు రోజుల ముందు వెళ్ళినవారు "విల్లో వాష్‌లో ఇసుక బాగా మెత్తగా ఉంది" అని రాశారు. అలాంటి ఒక్క వాక్యం ఏ యాప్‌లోని నక్షత్రాల రేటింగుకన్నా విలువైనది. మేము తెలుగులోనూ, ఇంగ్లీషులోనూ సంతకాలు చేశాము. పెట్టె వెనక, ఎవరు మొదలుపెట్టారో గానీ, బొమ్మ కప్పల గుంపు ఒకటి పోగుపడి ఉంది.

లావా ట్యూబ్ చూడటానికి బాట వదిలి కొంచెం పక్కకు వెళ్ళాము. ముప్పైకి పైగా చిన్న అగ్నిపర్వతాల దిబ్బలున్న ప్రాంతం ఇది. లావా పైపొర గట్టిపడి, లోపలి ద్రవం కారిపోగా మిగిలిన సొరంగంలోకి ఇనుప నిచ్చెన మీద దిగాలి. కప్పులో ఉన్న రంధ్రాల గుండా ఎండ దూలాల్లా పడుతుంటుంది. మిట్టమధ్యాహ్నం వెళ్ళడం అందుకే. తల తగలకుండా వంగి నడవవలసిన చోటు ఒకటుంది, పొడవైనవారు జాగ్రత్తపడాలి.

విల్లో వాష్ గురించి పుస్తకంలో రాసినది నిజమే. వాగు ఇసుకలో మైళ్ళ తరబడి దిగువకు పోవాలి. ఇక్కడ గాలిని 16 పీఎస్ఐకి దించాము. ఇటువంటి ఇసుకలో ఫోర్ హైలో, అంటే నాలుగు చక్రాలకూ శక్తి అందే మామూలు గేరులో, ఒకే వేగంతో, యాక్సిలరేటర్ మీద కాలు అదరకుండా పోవాలి. ఆగవలసి వస్తే బ్రేకు తొక్కకుండా బండిని తనంతట తాను ఆగనివ్వాలి, లేకపోతే చక్రాల ముందు ఇసుక కుప్ప పడి మళ్ళీ కదలడం కష్టమవుతుంది. రాంగ్లర్ ఒక మలుపులో దిగబడింది. మిత్రుడు చక్రం తిప్పే ప్రయత్నం మానేసి వెంటనే దిగిపోవడం మంచిదైంది. తిప్పిన కొద్దీ ఇంకా లోతుకు పోయేది. నాలుగు చక్రాల ముందూ పారతో ఇసుక తీసి, కింద పలకలు పెట్టి, పదిహేను నిమిషాల్లో బయటకు తెచ్చాము. తాడు తీయనవసరం రాలేదు.

కెల్‌బేకర్ రోడ్డు దగ్గర మళ్ళీ ఆగి కాగితం చూసుకున్నాము. ఇక్కడి నుంచి ఉత్తరాన బేకర్ ఊరు, పెట్రోలు, భోజనం, ఐ-15 అన్నీ ఉన్నాయి. దీని తరువాత సోడా లేక్ దాటేదాకా బయటపడే దారి లేదు కనుక ప్రయాణం మొత్తంలో ఇదే పెద్ద నిర్ణయం. వారం రోజులుగా వాన లేదు, పెట్రోలు సగం పైగా ఉంది, అందరి ఆరోగ్యం బాగుంది. ముందుకే వెళదామనుకున్నాము.

రాత్రి బస సెవెంటీన్‌మైల్ పాయింట్ దగ్గర. ఇటు మార్ల్ స్ప్రింగ్స్‌కు, అటు సోడా స్ప్రింగ్స్‌కు సుమారు 17 మైళ్ళు కావడంతో ఆ పేరు వచ్చింది. పాతరోజుల్లో ఎటు చూసినా నీరు లేని చోటు. పొద్దు వాలగానే గాలి మొదలైంది. వసంతంలో ఈ ఎడారికి అది మామూలే. మూడు బండ్లనూ గాలికి అడ్డంగా వరుసగా నిలిపి, వాటి చాటున గుడారాలు వేసి, మేకులు ఇసుకలో నిలవక, సంచుల్లో రాళ్ళు నింపి తాళ్ళకు కట్టాము. ఆ గాలిలో మంట వేయడం తప్పు కాబట్టి వేయలేదు. చపాతీలు, గోంగూర పచ్చడి, ఉల్లిపాయ. ప్రతి ముద్దలోనూ కొంచెం ఇసుక.

ఆదివారం

సోడా లేక్ పేరుకే సరస్సు. మొహావీ నది ఎప్పుడైనా పొంగితే నీరు వచ్చి ఇంకిపోయే లోతట్టు. మిగతా కాలమంతా తెల్లని చౌడు నేల. పైన పొర పొడిగా పెళుసుగా కనిపించినా, అడుగున బురద ఉండవచ్చు, అందులో దిగబడిన బండిని బయటకు లాగించాలంటే వేల డాలర్లు అవుతాయి. అందుకని ఒడ్డున ఆపి, బావగారూ నేనూ బాట వెంట అర మైలు దాకా నడిచాము. మడమతో గట్టిగా తొక్కి, పారతో నాలుగైదు చోట్ల జానెడు లోతు తవ్వి చూశాము. కొంచెం చెమ్మ ఉంది గానీ పారకు అంటుకోలేదు. అంటుకుని ఉంటే వెనక్కి కెల్‌బేకర్ రోడ్డుకు వెళ్ళి బేకర్ చేరేవాళ్ళం.

బండికీ బండికీ మధ్య దూరం పెంచి, ముందువారి గాడి తప్పకుండా వెళ్ళాము. గుర్తు కర్రల మధ్య ఉన్న బాట తప్ప మిగతా నేల మీద చక్రం పెట్టకూడదు. ఆ గాడులు ఏళ్ళ తరబడి చెరగవు. సరస్సు మధ్యలో ట్రావెలర్స్ మాన్యుమెంట్ అనే రాళ్ళ కుప్ప ఉంది. వచ్చిన ప్రతివారూ ఒక రాయి తెచ్చి వేస్తారు. మాకు ఇది ముందే తెలుసు కాబట్టి ఇళ్ళ నుంచే తెచ్చుకున్నాము. బావగారు పెరటిలోని ఎర్రరాయి ఒకటి తీసుకొచ్చి, తెల్లని నేల మీద అది వేరుగా కనబడుతోందని సంబరపడ్డారు. కుప్ప పైన ఉన్న ఫలకం మీద ఏమి రాసి ఉందో చూసినవారు బయట చెప్పకూడదన్నది ఆనవాయితీ, నేనూ చెప్పను.

పడమటి అంచున దూరంగా తాటిచెట్ల వరుస కనిపిస్తుంది. అది జిజిక్స్. కర్టిస్ స్ప్రింగర్ అనే వ్యక్తి 1944లో ఈ ఊటల దగ్గర ప్రభుత్వ భూమిలో ఆరోగ్య విడిది పెట్టి, తాను వైద్యుణ్ణని చెప్పుకుంటూ రేడియోలో ప్రచారం చేసి, 1974లో వెళ్ళగొట్టబడ్డాడు. ఆయన తవ్వించిన కొలనులో ఇప్పుడు మొహావీ నదికి మాత్రమే చెందిన అరుదైన టుయీ చబ్ చేపలు పెరుగుతున్నాయి; ఆవరణ కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ ఎడారి అధ్యయన కేంద్రం. బాట దానిలోకి వెళ్ళదు, పక్కకు తిరిగి రేజర్ ఇసుక తిన్నెలలోకి పోతుంది. అక్కడ మోటారు సైకిళ్ళు, బగ్గీలు తిన్నెల వెనక నుంచి హఠాత్తుగా వస్తుంటాయి, రేడియోలో ఒకరినొకరు హెచ్చరించుకుంటూ తొందరగానే దాటాము.

మధ్యాహ్నానికి ఆఫ్టన్ కాన్యన్ చేరాము. మంచుయుగంలో ఇక్కడ ఉండిన మానిక్స్ అనే సరస్సు గట్టు తెగి, ఆ నీరు కోసిన లోయ ఇది. గులాబి, ఆకుపచ్చ, గోధుమ రంగుల మట్టి గోడలు, వాటి పక్కనే రైలు పట్టాలు, కింద మొహావీ నది. కొండల్లో పుట్టి చాలా దూరం ఇసుక కింద ప్రవహించే ఈ నది ఇక్కడ మాత్రం పైకి వచ్చి కనబడుతుంది. రైలు వంతెన కింద నదిని దాటి అవతలికి వెళితే క్యాంపు మైదానం, అక్కడి నుంచి తారు రోడ్డు దగ్గరే.

మిత్రుడు చేతిలో కర్ర పట్టుకుని, నడుముకు తాడు కట్టించుకుని, బండి పోవలసిన వరుసలోనే నీటిలోకి దిగాడు. మొదట మోకాలి దాకా, ఆపైన తొడ దాకా, మధ్యలో జేబులు తడిసేదాకా వచ్చింది. అడుగున కర్ర గుచ్చితే సులువుగా దిగిపోతోంది. నా టకోమా కొంచెం ఎత్తు పెంచినదే అయినా, మిగతా రెండూ కంపెనీ నుంచి వచ్చిన ఎత్తులోనే ఉన్నాయి. నీరు ఇంజనులోకి గాలి పోయే మార్గంలో చేరితే ఇంజను అక్కడికక్కడే చెడిపోతుంది. మేము నీటి ముందు నిలబడి ఉండగానే అవతలి నుంచి బాగా ఎత్తు పెంచిన ట్రక్కు ఒకటి, గాలిగొట్టం పైకప్పు దాకా పెట్టించుకున్నది, బానెట్ మీదకు నీరు ఎగజిమ్ముతూ దాటి వచ్చింది. "అన్నా, అతను వచ్చాడు కదా, మనమూ పోదామా?" అని మిత్రుడు ఒకసారి అడిగాడు, కానీ గట్టిగా పట్టుబట్టలేదు. బావగారు మాటలేమీ చెప్పకుండా కాగితం తీసి బేసిన్ రోడ్డు అన్న గడి మీద వేలు పెట్టారు.

వచ్చిన దారినే కొంత వెనక్కి పోయి, ఇసుక దారిన బేసిన్ రోడ్డు మీదుగా ఐ-15కు చేరాము. దీనికి గంటకు పైగా అదనంగా పట్టింది. బాట చివర ఉన్న క్యాంప్ కేడీ దాకా వెళ్ళలేదన్న మాట మిగిలింది. అది వేసవి దాటాక, నది తగ్గినప్పుడు ఆఫ్టన్ వైపు నుంచే వచ్చి పూర్తి చేయవచ్చు. హైవే పక్కన కంప్రెసర్ తీసి, పన్నెండు టైర్లకూ 35 పీఎస్ఐకి గాలి నింపేసరికి ముక్కాలు గంట అయింది. నా ట్యాంకులో ఏడు గ్యాలన్లు, రాంగ్లర్ క్యాన్ ముట్టకుండానే, తాగే నీరు ఆరు గ్యాలన్లు మిగిలాయి. ఈసారి నీటిని మనిషికి గ్యాలనూ పావుకు తగ్గించవచ్చునని మా ఆవిడ అంది. తగ్గించకూడదని నా పట్టుదల. చౌడు మట్టి ఇనుమును తొందరగా తినేస్తుంది కనుక బార్‌స్టోలో బండ్ల అడుగుభాగం కడిగించి, అక్కడి నుంచి బావగారు ఫీనిక్స్ వైపు, మేము కాజోన్ పాస్ మీదుగా ఇళ్ళకు మళ్ళాము.